పచ్చి జీడిపిక్క

ఒకరి మాటలను ఇంకొకరు దొంగిలించగలరని నాకు పలాసలో, మా బడి వరండాలో తెలిసింది. ఆ రోజు స్త్రీల సమాజం కూటం. నేను చాప మీద ఆఖరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ముందు నిలబడి మా వదిన కాగితం చూసి చదువుతోంది.

"ఉద్దానంలో ఇళ్ళు కనబడవు. కొబ్బరాకుల పైన పొగ కనబడుతుంది. ఆ పొగను పట్టుకుని వెళితే ఇల్లు దొరుకుతుంది."

అవి నా మాటలు. మా పిన్నిగారి ఊరికి ఎడ్లబండిలో వెళ్తూ చూసి, ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నవి. ఆ పుస్తకం నా పెట్టెలో, చీరల అడుగున ఉంటుంది. దాన్ని ఎవరూ చూడలేదనుకున్నాను. వదిన ఒక్క అక్షరం మార్చకుండా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నిజం చెప్పాలంటే నేను చదివినా అంత బాగా చదవలేను. కూటంలో ఉన్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా మోచేయి పొడిచి, మీ వదిన ఎంత సదువుకుందో సూడు అంది. నేను కూడా తలూపాను.

ఆ తలూపడాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. వదిన సంగతి సరే సరి.

మా వదిన గోదావరి వైపు పిల్ల. ట్రైనింగు చదివి, మా మిషన్ ఆడపిల్లల బడిలో పంతులమ్మగా వచ్చింది. అన్నయ్య పలాస స్టేషనులో గుమస్తా. అమ్మ పోయాక అన్నయ్యా నేనూ ఉన్న ఇంట్లోకి వదిన పెళ్ళై వచ్చింది. వచ్చిన మొదటి రోజే నేను "ఏటొదినా" అంటే ఆ 'ఏటి'ని పట్టుకుని వెక్కిరించింది. బడిలో పిల్లల ముందు కూడా నన్ను అనుకరించి చూపించేది. పిల్లలు నవ్వేవారు. ఆ పిల్లలదీ అదే యాస, అయినా నవ్వేవారు. నేను మొదటినుంచీ తక్కువ మాట్లాడేదాన్ని. వదిన వచ్చాక ఇంట్లో అవసరమైతే తప్ప నోరు విప్పడం మానేశాను. మిగిలిన మాటలన్నీ పుస్తకంలోకి పోయాయి.

కూటం అయిన నాలుగు రోజులకు ధైర్యం తెచ్చుకుని అడిగాను. వదిన చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"వద్దని చెప్పావా? పెట్టెలో పెట్టి చెదలకు వేస్తావా వాటిని? నోరు తెరిచి చదివినదానివే మాటలు."

ఆ రాత్రి పుస్తకంలో నేను రాసుకున్నది ఒకే వాక్యం. ఆ నోటి సంగతి నేను చూస్తాను అని. రాసినప్పుడు నాకే నవ్వొచ్చింది. ఎవరి నోటి సంగతి ఎవరు చూస్తారు.

మరుసటి ఏడు మా బడి నడిపే దొరసాని గారు తమ దేశం వెళ్ళిపోతూ రెండు ఆడ సైకిళ్ళు బడికి వదిలి వెళ్ళారు. వెనక చక్రానికి చీర చిక్కకుండా దారాల వల కట్టిన సైకిళ్ళు. వదిన దొరసాని దగ్గరే తొక్కడం నేర్చుకుంది. నాకు అన్నయ్య ఆదివారం సాయంత్రాలు గూడ్సు షెడ్డు వెనక నేర్పాడు. వేసవిలో ఆ సైకిళ్ళ మీద ఉద్దానం ఊళ్ళు తిరిగి, ఆడపిల్లలను బడికి పంపమని తల్లిదండ్రులకు చెప్పి, నాలుగో రోజుకి టెక్కలి చేరాలని వదినకు పని అప్పజెప్పారు. ఒక్కతే వెళ్ళకూడదు గనుక తోడు నన్ను పంపారు.

టెక్కలిలో ఆ సాయంత్రం పెద్ద కూటం. సమాజాన్ని నడిపేది అక్కడి పెద్దమ్మగారు, ఒక పాస్టరుగారి విధవ. ఆవిడ ముందే కబురు పంపారు. స్త్రీల పత్రికలో ఇక మీదట నెలనెలా మా వైపు నుంచి ఒక ఉత్తరం అచ్చు వేస్తారట. ఈ కూటంలో ఊళ్ళ సంగతులు ఎవరు బాగా రాసి చదువుతారో ఆ ఉత్తరం రాసే పని వాళ్ళదట.

ఆ పని నాకు కావాలి. ఇంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు. పెళ్ళి కూడా కాదు. కాని చదవాలంటే అంతమంది ముందు నిలబడాలి. అది నా వల్ల కాదని నాకూ తెలుసు, వదినకూ తెలుసు.

మూడు రోజులు తిరిగాం. ఇసుకదారుల్లో సగం తొక్కుడు, సగం నడక. ఎక్కడికి వెళ్ళినా జనం చుట్టూ మూగి, మొగోలు నేకుండా ఎలా వచ్చినారేటి అని అడిగేవారు. వదిన అందరికీ జవాబు చెప్పేది. నేను సైకిళ్ళు పట్టుకుని నిలబడేదాన్ని. సాయంత్రం ఎక్కడ బస చేస్తే అక్కడ కూర్చుని పుస్తకం రాసుకునేదాన్ని. ఆ పుస్తకం ఈసారి పెట్టెలో కాదు, నా సంచీలో, తల కింద పెట్టుకుని పడుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న మేం వజ్రపుకొత్తూరు దిగువన ఒక రైతు ఇంట్లో ఉన్నాం. వాళ్ళు మా సంఘం వాళ్ళే. వదిన బావి దగ్గర స్నానానికి వెళ్ళింది. నేను సైకిలు వెనక మూట కట్టబోతూ ఆమె మైనపుగుడ్డ సంచీ ఎత్తితే, మడతపెట్టిన కాగితాలు జారాయి. ఆమె గుండ్రని దస్తూరి. ముందు రోజు సాయంత్రం నేను ఆ ఇంటావిడతో పాలు తేవడానికి వెళ్ళినప్పుడు సంచీ ఇంట్లోనే వదిలాను. ఆ గంట చాలింది.

నిలబడే చదివాను. అన్నీ నావే. ఇసుకలో చక్రం గీసిన గీత వెంట కోడిపిల్లలు పరుగెత్తడం, పనసకాయకు గోనెగుడ్డ కట్టి బిడ్డను దాచినట్టు దాచిన ముసలాయన, బడికి పంపమంటే కూతుర్ని కాదు, నన్ను పంపండి అన్న తల్లి. అన్నీ ఉన్నాయి. ఒక్కచోట మాత్రం మార్చింది. రెండో రోజు ఇసుకలో సైకిలు మీద నుంచి పడింది వదిన. ఆమె కాగితంలో పడింది నేను. "మా మరదలు పడి ఏడ్చింది. లేవదీసి, దుమ్ము దులిపి, ధైర్యం చెప్పి ఎక్కించాను" అని రాసింది.

దొంగతనం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. దొంగిలించిన చీర కట్టుకుని వచ్చి, నీ చీర బాగాలేదని నాతోనే అన్నట్టు ఉంది. కాగితాలు మళ్ళీ మడతల్లోనే మడిచి పెట్టాను. వదిన తడి జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది. ఆమె కుడి చూపుడు వేలికి సిరా ఇంకా ఉంది. స్నానంతో కూడా పోలేదు.

ఎండ ముదరకముందే బయలుదేరాం. దారి జీడితోటల్లోంచి పోతుంది. కాపు మీద ఉన్న రోజులు. ఎర్రవీ పసుపువీ పళ్ళు చెట్ల కింద రాలి, ఈగలు ముసిరి, తోటంతా పులిసిన వాసన. ఇసుక లోతుగా ఉన్నచోట దిగి నడిచాం. ఒక పెద్ద చెట్టు కింద వదిన సైకిలు ఆనించి, దాహంగా ఉంది, నాలుగు పళ్ళు ఏరమంది.

ఏరి తెచ్చాను. మా వైపు పళ్ళు ఎలా తింటారో ఎవరూ నేర్పనక్కరలేదు. పిక్కను మెలితిప్పి తీసి పక్కన పడేస్తాం. పండు పిండుకుని రసం తాగుతాం. పిక్కలు ఎండబెట్టి, కుండపెంకులో వేసి నిప్పుల మీద కాల్చి, బూడిదలో దొర్లించి, అప్పుడు రాయితో కొడతాం. పచ్చి పిక్క జోలికి నడక రాని పసివాడు కూడా పోడు. పెంకులో ఉన్న జీడి, ఆ జిగురు నూనె, తగిలితే చర్మం కాలిన దోసెలా లేస్తుంది. మా ఊళ్ళో పిల్లలకు మొదట చెప్పే మూడు మాటల్లో అదొకటి: నిప్పు, నుయ్యి, పచ్చి జీడిపిక్క.

వదినకు అది తెలియదు. ఆమె చూసిన జీడిపప్పు పాయసంలో నేతితో వేగినది.

ఆమె పండు తిని, పిక్కను ఎండలో పెట్టి తిప్పి చూసింది. "ఇందులోదే కదా పప్పు?"

అవునన్నాను.

"మరి ఎలా తీస్తారు?"

నేను పండు పిండుతున్నాను. రసం నా మణికట్టు మీదుగా మోచేతికి కారింది. జవాబు నా నాలుక మీద ఉంది. ఒక్క మాట చాలు. 'వద్దు' అంటే చాలు. నేను దాన్ని అక్కడే ఉంచాను. ఇది ఆలోచించకుండా జరిగిపోయిందని నేను రాసుకోను. ఆలోచించాను. ఆమె సిరా వేలు చూస్తూ ఆలోచించాను.

వదిన నా వైపు చూసి నిట్టూర్చింది. "నిన్ను ఒక మాట అడగడం కంటే చెట్టును అడగడం మేలే తల్లీ," అని పిక్కను పళ్ళ మధ్య పెట్టి కొరికింది.

గట్టి పెంకు, ఒక్కసారికి పగల్లేదు. దవడ పళ్ళ కిందకు మార్చి మళ్ళీ కొరికింది. తర్వాత ఉమ్మేసింది. చేదు, మంట అంది. పైట చెంగుతో పెదాలు తుడుచుకుంది. తుడిచినకొద్దీ జీడి అంతటా పూసుకుంది. అది కూడా నాకు తెలుసు, తుడవకూడదని.

తోట కాసే ముసలామె ఆ అలికిడికి వచ్చింది. వదిన నోరు చూసి, కింద పడిన పిక్క చూసి, చేతిలో కర్ర పడేసి పాకలోకి పరుగెత్తి కొబ్బరినూనె తెచ్చింది. వదిన పెదాలకు, గడ్డానికి, వేళ్ళకు నూనె పట్టించింది. పట్టిస్తూ పట్టిస్తూ నా వైపు తిరిగింది.

"నువ్వే ఊరి దానివమ్మా?"

పలాస అని చెప్పాను.

"పలాస పిల్లవి. మరి సెప్పనేదేటి?"

నేను సైకిలు గొలుసు చూస్తున్నట్టు వంగాను. మేం బయలుదేరేటప్పుడు ముసలామె నూనె సీసాలో మిగిలినది ఒక కొబ్బరిచిప్పలో పోసి, ఆకు మూసి, వదిన చేతికే ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

అక్కడి నుంచి సముద్రం ఒడ్డుకు దిగాం. నీళ్ళు వెనక్కి తీసిన వేళలో తడి ఇసుక రోడ్డు కంటే గట్టిగా ఉంటుంది. చక్రం కూరుకోదు. అన్నయ్య చెప్పిన కిటుకు అది. ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క మొగలి పొదలు, మధ్యలో అద్దంలాంటి దారి. నాలుగు రోజుల్లో మొదటిసారి నేను ముందు, వదిన వెనక.

ఆ రెండు గంటలు నా బతుకులో ఉన్న మంచి గంటల్లో రాసుకుంటాను. రాసుకోవడానికి సిగ్గుపడాలి, కాని పడను. గాలి వెనక నుంచి తోస్తోంది. వెనక మాట లేదు. ఏటి అని వెక్కిరింపు లేదు, త్వరగా తొక్కవే అని కేక లేదు. సైకిలు కిర్రుమనడం, ఆమె ముక్కుతో ఊపిరి తీయడం, అంతే. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కింది పెదవి వాచి, బయటికి తిరిగి ఉంది. ఎర్రగా మెరుస్తోంది. మా కూటంలో అందరూ మెచ్చుకున్న నోరు.

భావనపాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పడవలు ఒడ్డుకు లాగేశారు. ఇసుక మీద వెండి పరిచినట్టు చేపలు ఎండుతున్నాయి. చేపలు తిప్పుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి లేచి వచ్చారు. ఒకామె వదినను తేరిపారా చూసి, మొగుడు కొట్టినాడేటి అని నన్ను అడిగింది. మిగతావాళ్ళు నవ్వారు. వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పు అన్నట్టు నా వైపు చూసింది. అన్ని ఊళ్ళలోనూ జవాబులు చెప్పిన మనిషి.

జీడి తగిలిందని చెప్పాను. అంతకు మించి చెప్పలేదు. జీడి ఎలా తగులుతుందో అక్కడ అందరికీ తెలుసు. ఇంత వయసొచ్చి పచ్చిపిక్క కొరికిందా అని ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుంది. నవ్వు ఇంకా పెద్దదైంది. ఆ నవ్వును నేను ఆపగలను. మా వదిన గోదావరి మనిషి, తెలియదు అంటే జాలిపడి ఊరుకుంటారు. అనలేదు. బడిలో పిల్లలు ఎలా నవ్వేవారో జ్ఞాపకం చేసుకుంటూ నిలబడ్డాను.

వాళ్ళే మాకు గంజి పోశారు. వదిన తాగలేకపోయింది. గంజిలో ఉప్పు ఉంది.

అక్కడి నుంచి టెక్కలికి రెండు దారులు. ఒకటి లోపలగా చెట్ల నీడన పోయే బండిదారి, చుట్టు. ఇంకోటి నౌపడ ఉప్పుమళ్ళ గట్ల మీదుగా, దగ్గర. కూటం వేళకు చేరాలంటే రెండూ సరిపోతాయి. బండిదారి అయితే ఉప్పుగాలి తగలదు. దారి తెలిసినదాన్ని నేనే గనుక వదిన చెయ్యి ఊపి ఎటు అని అడిగింది.

ఉప్పుమళ్ళు చూపించాను.

జీడితోటలో నేను చేసింది నోరు మూసుకోవడం. ఇక్కడ వేలు చాపాను. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు తెలుసు. అందుకే రెండూ రాస్తున్నాను.

గట్టు సన్నగా, గట్టిగా ఉంది. రెండు వైపులా తెల్లని మళ్ళు, కళ్ళు తెరవలేనంత వెలుగు. కూలీలు కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకుని పలకలతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. కాపలా జవాను మా మూటలు తట్టి చూసి, ఉప్పు లేదని వదిలేశాడు. మధ్యాహ్నపు గాలి లేచింది. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. నాలుక తీసి పెదవి తడిపితే తెలుస్తుంది. నా మామూలు పెదాలకే చురుక్కుమంది.

వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది, మూలుగు కూడా కాదు. ఆగి చూశాను. వదిన సైకిలు దిగి, పైట నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడింది. ఏడుస్తోంది. కన్నీళ్ళు కారి పెదవి మీదకు వస్తున్నాయి, అవీ ఉప్పే. పైట తీస్తే గాలికి మండుతోంది, ఉంచితే గుడ్డ అంటుకుంటోంది.

వెనక్కి వెళ్ళి కొబ్బరిచిప్పలోని నూనె రాయవచ్చు. వెనక్కి తిప్పి బండిదారి పట్టవచ్చు. నేను పెడల్ మీద కాలు పెట్టి గంట మోగించాను. టింగ్ టింగ్ మని రెండుసార్లు. నెమ్మదిగా తొక్కుతున్నానని నన్ను తొందర పెట్టడానికి ఆమె మూడు రోజులు తన గంటను ఇలాగే వాయించింది.

వదిన ఎక్కి తొక్కింది.

టెక్కలి చేరేసరికి కూటం మొదలుపెట్టబోతున్నారు. చాపల నిండా ఆడవాళ్ళు. పెద్దమ్మగారు కుర్చీలో కూర్చున్నారు. వదినను చూసి కంగారుపడి, ఆకు పసరు తెప్పించి, విసనకర్ర ఇప్పించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఎప్పటిలాగే గోడ దగ్గరికి వెళ్ళాను. ఇక చదివేవాళ్ళు లేరు, పోయిందిలే, నాకూ లేదు తనకూ లేదు అనుకున్నాను. ఆ లెక్క నాకు నచ్చింది.

వదిన సంచీ విప్పి కాగితాలు తీసింది. పెద్దమ్మగారికి ఇచ్చి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించింది, నేను రాసినవి అని. తర్వాత వేలు చాపి నన్ను చూపించింది.

పెద్దమ్మగారు నన్ను పిలిచారు. "మీ వదిన ఇంత బాధలోనూ రాసినది తెచ్చిందమ్మా. ఆమె మాటలు నువ్వు చదువు."

అప్పుడు అర్థమైంది. నేను నోరు ఒక్కటే తీసుకున్నాను. మాటలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. నా మాటలను, ఆమెవని చెప్పి, నా నోటితో నన్నే చదవమంటోంది. పైగా ఇంత బాధలోనూ తెచ్చిందని పేరు. చాపల మీద ఉన్నవాళ్ళు వదినను జాలిగా, గౌరవంగా చూస్తున్నారు. ఉప్పుగాలిలో తొక్కించి ఆమెకు ఆ గౌరవం సంపాదించి పెట్టింది నేనే.

అంతమంది కళ్ళు నా మీద ఎప్పుడూ లేవు. కాగితాలు తీసుకున్నాను. మొదటి రెండు ముక్కలు చదివాను. గొంతు సన్నగా వచ్చింది. వెనక నుంచి ఎవరో వినబడనేదమ్మా అన్నారు. రెండో కాగితం తిప్పితే, మా మరదలు పడి ఏడ్చింది అన్న వాక్యం కనబడింది.

కాగితాలు మడిచాను. నా సంచీలోంచి నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, గట్టిగా చదివాను.

"రెండో రోజు లోతు ఇసుకలో వదిన పడింది. సైకిలు ఆమె మీద పడింది. లేపబోతే నా చెయ్యి విదిలించింది. చీర చిరిగింది. చుట్టూ మూగిన పిల్లలు నవ్వారు."

అక్కడ ఆగాను. పేజీ మీద ఇంకా రెండు వాక్యాలు ఉన్నాయి. అవి చదవలేదు. తర్వాతి పేజీకి తిప్పి, పనసకాయ ముసలాయన దగ్గర నుంచి చివరిదాకా చదివాను. కూతుర్ని కాదు, నన్ను పంపండి అన్న తల్లి దగ్గరికి వచ్చేసరికి చాపల మీద కదలిక ఆగిపోయింది. నా యాసలోనే చదివాను. ఎవరూ నవ్వలేదు. అది వాళ్ళ యాసే.

పెద్దమ్మగారు నా చేతిలో పుస్తకాన్ని, మడిచిన కాగితాలను మార్చి మార్చి చూశారు. "ఇవి ఎవరు రాశారమ్మా?"

"నాను రాసినాను," అన్నాను. నోరు జారి ఇంటి మాటే వచ్చింది.

వదిన కాదని తల అడ్డంగా ఊపుతుందని ఎదురుచూశాను. ఊపాలనే కోరుకున్నాను. ఊపితే రెండేళ్ళ పుస్తకాలు, తేదీలతో సహా, ఆ చాపల మీద పరిచేదాన్ని. పొగను పట్టుకుని వెళ్ళడం దగ్గర నుంచి అన్నీ. పెద్దమ్మగారు ఆమె వైపు తిరిగారు. వదిన విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, అవునని తలూపింది.

నిరుడు నేను ఊపినట్టే. నేను కొట్టాల్సిన ఆఖరి దెబ్బ అలా చేజారింది.

ఉత్తరం రాసే పని నాకే ఇచ్చారు. మూడేళ్ళుగా రాస్తున్నాను. ఆ పత్రికలో రాసినవాళ్ళ పేరు వేయరు. కింద 'ఒక సోదరి' అని ఉంటుంది. ఆ సంగతి మొదటి ఉత్తరం అచ్చయి వచ్చాక తెలిసింది.

వదిన పెదాలు ఆరేదాకా టెక్కలిలో నాలుగు రోజులు ఉన్నాం. తిరుగుదారిలో నౌపడ దాకా సైకిళ్ళ మీద వచ్చి, అక్కడ రైలు కోసం కూర్చున్నాం. పొట్టు లేచిన పెదవి మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. ఆ నాలుగు రోజులు ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. స్టేషను బల్ల మీద కూర్చున్నాక చెయ్యి చాపింది.

"పుస్తకం ఇయ్యి."

మొదటిసారి అడిగింది. ఇచ్చాను. రెండో రోజు పేజీ వెతికి తీసి, చదివి, వేలు పెట్టి నాకు చూపించింది. నేను కూటంలో చదవకుండా వదిలేసిన రెండు వాక్యాలు. 'పెదవి కొరుక్కుని లేచి, వెనక్కి చూడకుండా తొక్కింది. ఆ మొండితనం నాకు ఉంటే బాగుండును.'

"ఇది చదవలేదేం?"

"నా మాటలే గదొదినా. నాకు నచ్చినయే సదివాను."

ఆమె పుస్తకం మూసింది. వెంటనే ఇవ్వలేదు. గూడ్సు బండి ఒకటి ఉప్పు బస్తాలతో వెళ్ళిపోయేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పచ్చిపిక్క కొరకకూడదని నీకు తెలుసు కదూ."

"తెలుసు."

"ఆ ఉప్పుదారి కూడా."

"అదీ తెలుసు."

ఆమె పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత నా పెట్టె జోలికి రాలేదు. ఏటి అని వెక్కిరించడమూ మానేసింది. అన్నయ్యకు జీడి సంగతి ఎలా చెప్పిందో తెలియదు. అన్నయ్య నన్నేమీ అడగలేదు కనక నా మాట ఎత్తలేదనే అనుకుంటున్నాను. అందుకు నేను కృతజ్ఞత చూపాలని ఒక ఆదివారం ప్రసంగం వింటూ అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఆ అనుకోవడం పోయింది.

వదిన ఇప్పుడు జీడిపప్పు తినదు. పాయసంలో వస్తే వేలితో తీసి గిన్నె అంచున పెడుతుంది. మా ఇంట్లో పండగ పాయసం వండేది నేనే. జీడిపప్పు నేతిలో దోరగా వేయించి, అందరికీ సమంగా వడ్డించి, వదిన గిన్నెలో మాత్రం రెండు ఎక్కువ వేస్తాను. ఆమె వాటిని చూస్తుంది. నన్ను చూస్తుంది. ఒక్కొక్కటీ తీసి అంచున వరసగా పేరుస్తుంది. నేను గరిటె పట్టుకుని, అన్నీ తీసేదాకా ఎదురుగా నిలబడతాను.